వంత పలికిన వాడ

లింబయ్య పాడెను భజన గది ముందు దించారు. తలుపుకు దేవిదాస్ వేసిన తాళం వేలాడుతోంది.

దేవిదాస్ ఎడపల్లి పక్క చెరకు కోత కూలీల గుత్తేదారు. కూలి కాగితం చదివాకే వేలిముద్ర వేస్తామని వాడ జనం అనడం మొదలుపెట్టాక, స్థలం తన తాతదంటూ గది నిండా ఎరువుల బస్తాలు వేయించి తాళం పెట్టాడు.

ఆ చదువు లింబయ్య నేర్పిందే. చిన్నప్పుడు పెద్దిళ్లలో పోథి పురాణం చదువుతుంటే ఆయనను గడప బయట నిలబెట్టారు. ఆ మంట ఆయనలో ఆరలేదు. తన భజనలో పాడాలంటే ఆడైనా మగైనా పుస్తకం చూసి సొంతంగా చదవాలన్నాడు. ఒకరు చదివిన వరుసకు అందరూ వంత పలకాలన్నాడు. పాండురంగని పటం పక్కనే రాజ్యాంగం మొదటి పేజీ అతికించి, దాన్నీ రాగం తీసే చదివించాడు. ఈరవ్వ యాభై దాటాక అట్లా అక్షరాలు నేర్చింది. బస్సు బోర్డు చదివినా ఆమెకు పాటే వచ్చేది.

పటానికి ఎదురుగా గురువుకు ఒక్క భజన చేసుకుంటాం, తలుపు తియ్యమని పొద్దున వాడంతా పోయి అడిగింది. దేవిదాస్ పోలీసులను పిలిపించాడు.

ఎస్సై వచ్చి, ఎవరైనా ఒక్కరే మాట్లాడాలన్నాడు.

ఈరవ్వ ముందుకొచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. బస్తాల పైన గోడకు రాజ్యాంగం పేజీ ఇంకా ఉంది. మొదటి వరుస రాగం తీసి చదివింది. కానిస్టేబుల్ నవ్వాడు. అంతలో వెనక వాడంతా వంత పలికింది. ఎవరూ చెప్పలేదు, అలవాటు. రెండో వరుసకు డోలక్ కలిసింది. నవ్వు ఆగింది.

మీ లీడరెవరని ఎస్సై గద్దించాడు.

ఈరవ్వ పాడె వైపు చూపింది. "గాయన గీడ పండుకున్నడు సారూ. మేం వంత పలికేటోళ్లం."

ఆమెను వ్యాను ఎక్కించారు. పిడికెడు మన్నేసి వస్తానని బతిమాలినా వినలేదు.

ఆమె వదిలిన ఊచలను వెనక నిలబడ్డ రాములవ్వ పట్టుకుంది. ఆమెకు చదువు ఇంకా కుదరలేదు. మూడో వరుస కూడబలుక్కుంటుంటే ఒక్కరూ మాట అందించలేదు. లింబయ్య అందించనిచ్చేవాడు కాదు. పాడె చుట్టూ అందరూ ఏడుస్తూనే ఆగారు. వరుస పూర్తయింది. వాడ మొత్తం ఒక్క గొంతుతో పలికింది.

కదిలిన వ్యానులో, జాలీకి తల ఆనించి, ఈరవ్వ కూడా పలికింది.