కోతులావిడ ఇంటి అంటు

“పాప దగ్గరికి రాకు. ఆ అంట్లు తోమేసి ముందు గదిలో పడుకో,” అంది అత్తగారు, తలుపు సగం మూస్తూ.

పాపకు జ్వరం, దగ్గు మొదలైనప్పటి నుంచీ ఆ ఇంట్లో కోడలు అంటు. ఆమె తోమిన గిన్నెల్లో తినడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. అడవి కోతుల పెంట, ఉమ్మి పోగుచేసి, వాటిలో ఏయే వైరస్‌లున్నాయో ల్యాబులో చూడటం ఆమె ఉద్యోగం. ఒక్క మందలోనే ఎన్నో రకాలుంటాయని, చాలావరకు కోతులకు ఏ హానీ చెయ్యకుండా వాటితో కాపురం చేస్తుంటాయని ఒకసారి సంబరంగా చెప్పింది. “ముందు మన కాపురం చూడు, కోతులావిడా,” అన్నాడు భర్త. ఇప్పుడు నవ్వడం కూడా మానేశాడు. “పాపకు తగ్గగానే నువ్వు ఉద్యోగం మానేస్తున్నావు. అడగట్లేదు, చెబుతున్నాను.”

ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా భయం వేసింది. చేతి తొడుగు ఎప్పుడైనా చిరిగిందా? బూట్లు సరిగ్గా కడిగానా? నలుగురూ కలిసి మేకను కుక్క అంటుంటే మోసేవాడికి అనుమానం రాక ఏం చేస్తుంది? తన చేతులను తనే వాసన చూసుకుంది. అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు దొంగలా లోపలికి దూరి, పుల్లకు చుట్టిన దూదితో పాప గొంతులోంచి శాంపిల్ తీసింది. కన్నకూతురి దగ్గర దొంగతనం!

ల్యాబులో మేడం ఫలితం చూపించింది. కొత్తగా దగ్గుతున్న రెండు కోతిపిల్లల్లో ఉన్న వైరసే పాపలోనూ ఉంది. “అంటే నేనే ఇంటికి మోసుకొచ్చానా?” అంది ఆమె.

“కంగారుపడకు. ఇది మనుషుల జలుబు,” అంది మేడం. “కోతుల్లో మొన్నటిదాకా లేదు. మన దగ్గర్నుంచే వాటికి వెళ్ళింది. ఎవరో ఎంగిలి పడేసుంటారు.”

ఇంటికొచ్చి నేరుగా అత్తగారి గదిలోకి వెళ్ళి, పాపను ఒళ్ళోకి తీసుకుంది. అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఈమధ్య కోతుల్ని చూశావా, తల్లీ?”

“సెలవు రోజు నాన్న కారులో అడవికి తీసుకెళ్ళాడుగా. నాన్న కొరికిన పండు కోతిపిల్లకి ఇచ్చాను. నీకు చెప్పొద్దన్నాడు.”

ఆ వారమంతా అతను చీదుతూనే ఉన్నాడు. అత్తగారు వేళకు వేడినీళ్ళు అందించింది. అతన్ని పాపకు దూరంగా పడుకోమని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. ఆ సంగతి గుర్తొచ్చి తనమీద తనకే కోపం వచ్చింది.

గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. “చిన్నపిల్ల మాటలు పట్టుకుని నన్ను అనుమానిస్తావా?”

“అనుమానమెందుకు, తేల్చుకుందాం. రేపు అడవికి వెళ్తున్నాను, ఆ కోతిపిల్లలు బతికున్నాయో లేదో చూడాలి. వెళ్ళే ముందు మీ శాంపిల్ కూడా ల్యాబులో ఇస్తాను,” అని సంచిలోంచి కొత్త పుల్ల తీసింది. “నోరు తెరవండి.”

పెళ్ళయ్యాక మొదటిసారి అతను నోరు మూసుకున్నాడు.