వాన పడని రోజులు

"గూట్లో గుడ్లుంటే ఏంటి, లేకపోతే ఏంటి? ముందు నా చొక్కా సంగతి చూడు," అన్నాడు భర్త. ఆమె ఇస్త్రీపెట్టె అందుకుంది. వెళ్ళాల్సిన బస్సు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోవడం కిటికీలోంచి కనబడింది.

ఆమె ఉద్యోగం విశ్వవిద్యాలయం వారి అడవిలో. అక్కడ పిట్టల కోసం ఇనప గుంజలకు బిగించిన చెక్కగూళ్ళు నలభై ఉన్నాయి. మూడు రోజులకోసారి వాటిని తెరిచి, గుడ్లెన్నో పిల్లలెన్నో పుస్తకంలో రాయాలి. గుంజలకు గ్రీజు పూయాలి. గ్రీజు ఆరితే చీమలెక్కుతాయి. కళ్ళు తెరవని పిల్లలు చీమలకు ఎంతసేపని!

బయల్దేరబోతే ఏదో ఒకటి. "మోకాళ్ళు పట్టేశాయే తల్లీ, నీ పిట్టలొచ్చి నన్ను లేపుతాయా?" అనేది అత్తగారు. "నీదేమన్నా పెద్ద ఆఫీసా వదినా, ఒక్కపూట మానలేవూ?" అని తన పిల్లల్ని వదిలి వెళ్ళేది ఆడపడుచు. అలా ఈ ఏడు పదకొండుసార్లు వెళ్ళలేకపోయింది. రాని రోజుకు కారణం రాయమని పుస్తకంలో ఒక గడి ఉంది. మొదటిసారి దాని ముందు చాలాసేపు కూర్చుంది. ఇంటిగుట్టు రచ్చకెక్కించడం ఎందుకని 'వాన' అని రాసింది. ఆ తర్వాత ఆలోచించే పని లేకపోయింది. వాన కొలిచే గొట్టం నిరుడే పగిలింది, అడిగేవాళ్ళు లేరు. కానీ అలా మానేసి మళ్ళీ వెళ్ళినప్పుడు, ఈకలు కూడా రాని పిల్లలు గూట్లో ఎండిపోయి ఉండేవి, వాటిమీద చీమలబారు. గుడ్డతో తుడిచి, 'చనిపోయినవి మూడు' అని రాసేది. ఆ రోజు ఇంట్లో ముద్ద గొంతు దిగేది కాదు. "నీకు రోజురోజుకీ సుకుమారం ఎక్కువవుతోంది," అనేవాడు భర్త.

ఏడాది చివర ప్రొఫెసర్ పిలిచి గోడమీది గీతల పటం చూపించాడు.

"నీ పుస్తకం బంగారం అమ్మా! వాన పడిన పదకొండు రోజుల్లో తొమ్మిదిసార్లు గూళ్ళలో పిల్లలు పోయాయి. రేపు వచ్చే బడిపిల్లలకు ఇదే చెబుదాం. ఇక ఆ గ్రీజు పని కూడా మానేద్దాం. చంపేది వానైతే గ్రీజేం చేస్తుంది?"

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. "మేం ముందే చెప్పలా?" అని ఇంట్లో సంబరపడతారు. చెప్పకపోతే వచ్చే ఏడు నలభై గుంజలూ చీమలకు నిచ్చెనలే.

"సార్, ఆ రోజుల్లో వాన లేదు."

"నువ్వే రాశావుగా!"

"అబద్ధం రాశాను. పుస్తకం ఇటివ్వండి."

నిలబడే, ఒక్కో వాననూ కొట్టేసింది. పక్కన రాసింది. అత్తగారి మోకాళ్ళు. ఆడపడుచు పిల్లలు. భర్త స్నేహితులు ఆరుగురు, భోజనం. చొక్కా ఇస్త్రీ, బస్సు పోయింది.

ప్రొఫెసర్ తొంగిచూసి ముఖం చిట్లించాడు. "ఇంటి గోల ఇందులో ఎందుకమ్మా? ఇది సైన్సు."

"ఆ పిట్టపిల్లలు ఎలా చచ్చిపోయాయో తెలుసుకోవాలి కదా సార్."

పదకొండో గడి దగ్గర కలం ఆగింది. ఆ రోజు ఆమెను ఎవరూ ఆపలేదు. పనంతా తెమిలాక, చెప్పులు వేసుకోబోయి గడపమీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేకపోయింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ, తనకు తానైనా, చెప్పుకోలేదు.

వానను కొట్టేసి, ఆ గడిలో 'అలసిపోయాను' అని రాసింది.