గూస్‌బెర్రీ ముళ్ళు

ముళ్ళను కంటికి తగిలించరట, ఊరికే చూపిస్తారట, అంతేనంటే పోయేదేముంది, అనుకుంటూ మజెల్లా కారు గేరు మార్చింది, వెనక సీట్లో రెండేళ్ళ కొడుకు ఫింటన్ బిస్కెట్ నములుతున్నాడు, అద్దంలో చూడకూడదనుకుంటూనే చూసింది, ముందు వాడు కనిపించడు, కుడి రెప్ప మీద బఠాణీ గింజంత గడ్డ కనిపిస్తుంది, దాని వెనకాలెక్కడో వాడు, పొద్దుటికంటే ఎర్రబడిందా, ఎండ పడి అలా ఉందా, పక్కన అత్తగారు బ్రైడీ చెబుతూనే ఉంది, ఇదుగో అమ్మాయ్, డిలియాకి ఆ గూస్‌బెర్రీ ముళ్ళ వైద్యం వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చింది, డబ్బివ్వకూడదు, థాంక్స్ అసలే అనకూడదు, అన్నావో గుణం రాదు, నీ నోరు ఆగదు, తెలుసు నాకు, సరే అత్తయ్యా, ఇందాకణ్ణుంచీ అదే పాట, ఆఫీసులో తెలిస్తే పడీపడీ నవ్వుతారు, ఒకప్పుడు తనే నవ్వేది, మా లీట్రిమ్ పల్లెల వాళ్ళు కాలు బెణికినా మంత్రాల వాళ్ళ దగ్గరికే పరిగెడతారని.

ఇప్పుడు నవ్వెక్కడ, చలికాలంలో మొదలైంది, వేసవిలో గూస్‌బెర్రీలు కాసేదాకా వచ్చింది, వేడి గుడ్డ పెట్టమన్నారు, పెట్టింది, రోజూ వాడి తల మోకాళ్ళ మధ్య ఇరికించి మరీ పెట్టింది, ఇప్పుడు కెటిల్ చప్పుడు వింటే చాలు సోఫా వెనక దూరతాడు, టీ కోసంరా నాన్నా, టీకే, అన్నా నమ్మడు, ప్రమాదమేం లేదండీ, నూనె గ్రంథి మూసుకుపోయిందంతే, అన్నాడు ఊళ్ళో డాక్టరు, తను తలుపు దాకా వెళ్ళాక మాత్రం, గడ్డ బరువుకి రెప్ప వాలుతుందేమో చూస్తుండండి, ఈ వయసులోనే కన్ను చూడ్డం నేర్చుకునేది అన్నాడు, ఆ మాట అప్పుడా చెప్పడం, థాంక్స్ డాక్టర్ అంది, రెప్ప వాలుతోంది, వాలుతోందా, నిన్న బంతి పట్టబోయి వాడు గాలిని పట్టుకున్నాడు, చూపు ఆనకా, చేతులు అందకా, ఆ వయసు పిల్లలందరూ అంతేనా, పెద్దాసుపత్రి నుంచి ఎవరో అమ్మాయి ఫోను, స్పెషలిస్టు గారు లేరండీ, మీ అపాయింట్‌మెంట్ వెనక్కి జరిపాం, పర్లేదండీ, థాంక్స్, మళ్ళీ ఫోను, మళ్ళీ వెనక్కి, అయ్యో మీరు మాత్రం ఏం చేస్తారు, థాంక్స్ అండీ, చాలా థాంక్స్.

డిలియా పెరట్లోనే ఉంది, వంగిన నడుము, మట్టి బూట్లు, గూస్‌బెర్రీ పొద నుంచి ముళ్ళు తుంచి పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, ఏంరా దొరా, ఎవడితో కొట్లాడొచ్చావ్, వాడు కిసుక్కున నవ్వాడు, ఒక్కో ముల్లూ ఆ కంటికి చూపిస్తూ ఏదో ప్రార్థన గొణిగింది, మజెల్లా చెయ్యి అడ్డం పెట్టబోయింది, వాడు మాత్రం కదిలితే ఒట్టు, గుడ్డకి వీధంతా వినబడేలా ఏడ్చేవాడు ముల్లుకి బుద్ధిగా కూర్చున్నాడు, చివరి ముల్లు డిలియా గోడ అవతలికి విసిరేసింది, ఇదుగో నీ కొడుకు, అంది, మజెల్లా చేతులు చాచి అందుకుంటూ, అబ్బా డిలియా, వేలవేల థాంక్స్, అనేసింది.

హయ్యో, అననే అన్నావ్ కదే, బ్రైడీ నెత్తి పట్టుకుంది, పోన్లే బ్రైడీ, ముళ్ళకి చెవులున్నాయా ఏం, డిలియా నవ్వుతోంది, తనూ నవ్వాలి, నవ్వుదామనుకుంటూనే గుమ్మం మెట్టు మీద కూలబడింది, ఏడుపు తన్నుకొచ్చింది, నేనే పాడుచేశాను, ఇంక తగ్గదు, ఛీ, నమ్మని వైద్యం చెడితే ఇంత ఏడుపా, కాదు, ముళ్ళ కోసం కాదు, భయంగా ఉంది, చలికాలం నుంచీ భయంగానే ఉంది, ఆ మాట డాక్టరుతో అనలేదు, ఫోనులో ఆ అమ్మాయితో అనలేదు, ఎవరు వెనక్కి నెట్టినా థాంక్స్ చెప్పి మరీ వెనక్కి వచ్చింది, ఫింటన్ బిస్కెట్ అంటిన వేలితో ఆమె తడి రెప్పని తాకి చూస్తున్నాడు, అమ్మా, నొప్పా, అవున్రా నాన్నా, నొప్పే, రేపు ఆసుపత్రి తెరవగానే ఫోన్ చేస్తుంది, మా వాడి రెప్ప వాలుతోంది, నాకు భయంగా ఉంది, ఎప్పుడు చూస్తారో చెప్పేదాకా ఫోను పెట్టను అంటుంది, చెప్పినా సరే, వాడి కన్ను చూసేదాకా, థాంక్స్ మాత్రం అనదు.