వెంకటస్వామి గొంతు

సుచిత్ర గుడివాడ నుంచి రోజూ రైల్లో బందరు వెళ్లి ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతోంది. రెండో ఏడాది మానసిక ఆరోగ్యం ప్రత్యేకాంశంగా తీసుకుంది. ఫీల్డ్‌వర్క్ దివిసీమలో పడింది. వారానికి రెండు రోజులు అవనిగడ్డలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో సముద్రం వైపు పల్లెలకు వెళ్లి, మనసు బాగాలేని వాళ్లతోనూ వాళ్ల ఇంట్లో వాళ్లతోనూ మాట్లాడి రావాలి.

పాలకాయతిప్పకు దగ్గరి పల్లె నుంచి తేజస్విని అనే ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్ చేసి పిలిచింది.

"మా అమ్మకి ఏదో అయిందక్కా. నాన్నని నాన్న కాదంటోంది."

తేజస్విని తండ్రి వెంకటస్వామి వర్షాకాలం చివర్లో చిన్న పడవ మీద ఒక్కడే వేటకు వెళ్లాడు. ఇంజను ఆగిపోయి పడవ ఎటో కొట్టుకుపోయింది. ఇంట్లో అందరూ ఆశ వదులుకున్నాక పక్క ఊరి బోటువాళ్లు అతణ్ణి నీళ్లలోంచి లాగి తీసుకొచ్చారు. ఊరంతా సంబరపడింది. అతని భార్య తాతమ్మ మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు. అతని ముఖంలోకి చాలాసేపు చూసి, "ఈయనెవరు?" అంది. ఆనాటి నుంచి అతనికి అన్నం పెడుతోంది గానీ, పరాయి మనిషికి పెట్టినట్టు కంచం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోతోంది.

సుచిత్రకు ఇది క్లాసులో చెప్పిన సంగతే. దగ్గరి మనిషి ముఖాన్ని కళ్లు గుర్తుపడతాయి, మనసు ఒప్పుకోదు. ఆ మనిషి స్థానంలో అచ్చం అలాగే ఉన్న ఇంకెవరో వచ్చి కూర్చున్నారని నమ్ముతారు. పుస్తకంలో చదివింది ఎదురుగా కనిపించేసరికి సుచిత్రకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది, వెంటనే సిగ్గూ వేసింది.

మొదటిరోజు తాతమ్మ ఎండుచేపలు తిరగేస్తూ నిదానంగా మాట్లాడింది.

"నాకు పిచ్చేం లేదమ్మాయ్. మనిషి మంచోడే. ఆయన బట్టలే కట్టుకుంటాడు, ఆయన మంచం మీదే పడుకుంటాడు. కానీ ఆయన కాదు."

"మరి ఆయన ఎక్కడున్నారు పిన్నిగారూ?"

"రావాలి. ఇంకా రాలేదు."

అరుగు చివర వెంకటస్వామి వల బాగుచేసుకుంటున్నాడు. ఆ మాట విని తలెత్తలేదు. కోపం గానీ బాధ గానీ చూపించలేదు. అది సుచిత్రకు వింతగా తోచింది.

బందరులో ఆమె ప్రొఫెసర్ గోవర్ధనరావు గారు అంతా విని, "ఇలాంటివాళ్లు కొందరు ముఖం చూస్తే ఒప్పుకోరు గానీ, ఫోన్లో గొంతు వింటే గుర్తుపడతారమ్మా. చెవి దారి వేరు. అయినా ముందు డాక్టరుకు చూపించు" అన్నారు.

సుచిత్ర చివరి మాట పక్కనపెట్టి మొదటి మాట పట్టుకుంది.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం వెంకటస్వామినీ తేజస్వినినీ పెరటి అవతల పడవ చాటుకు పంపింది. అతని ఫోన్ పడవ కొట్టుకుపోయిన నాడే సముద్రంలో పోయింది కాబట్టి తేజస్విని ఫోన్ అతని చేతికిప్పించింది. లోపల తాతమ్మ దగ్గర కూర్చుని, "బాబాయిగారితో మాట్లాడతారా?" అని తన ఫోన్ తీసింది.

తాతమ్మ కళ్లు మెరిశాయి. సుచిత్ర చేతిలోంచి ఫోన్ లాక్కుని, "నాకు నెంబరు నోటికొచ్చులే" అంటూ తనే గబగబా నొక్కింది. ఆ ఇంట్లో మిగిలిన ఫోన్ కూతురిదొక్కటే కాబట్టి ఆ నెంబరే అనుకుని సుచిత్ర స్పీకర్ పెట్టింది.

కొంతసేపు మోగింది. ఎవరో ఎత్తారు. గాలి హోరు.

"తాతా," అన్నాడు వెంకటస్వామి. భార్యను అతను అలాగే పిలుస్తాడట.

తాతమ్మ ఏడ్చేసింది. "ఎక్కడున్నావయ్యా? ఇన్నాళ్లా?"

"తిప్ప దగ్గరున్నా. నీళ్లు తగ్గినాక రా. పొడిబట్ట తీసుకురా, చలేస్తంది."

ఫోన్ ఆగిపోయింది. గొంతు గుర్తుపట్టిందన్న ఆనందంలో సుచిత్ర ఆ మాటల్ని పట్టించుకోలేదు. అంతలో తేజస్విని పెరటి గుమ్మంలో నిలబడింది.

"ఏంటక్కా, ఫోన్ చెయ్యలేదే? నాన్న, నేను అప్పట్నుంచీ చూస్తున్నాం."

సుచిత్ర ఫోన్లోకి చూసింది. తేజస్విని నెంబరు కాదది.

"ఇది నాన్న పాత నెంబరు," అంది తేజస్విని.

మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అదే.

సుచిత్ర బయటికొచ్చి గోవర్ధనరావు గారికి ఫోన్ చేసింది. ఆయన నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు.

"ఆ నెంబరు ఇంకెవరికైనా వెళ్లి ఉండొచ్చు. నువ్వు వినాలనుకున్నది విని ఉండొచ్చు. అది తర్వాత చూద్దాం. రమ్మని పిలిచాడన్నావు కదా. ఇప్పుడావిడ ఎక్కడుంది?"

సుచిత్ర లోపలికి పరుగెత్తింది. ఇంట్లో తాతమ్మ లేదు. దండెం మీద ఉతికి ఆరేసిన లుంగీ లేదు.

పాలకాయతిప్ప బీచ్‌లో ఎండ కళ్లలో గుచ్చుతోంది. ఒడ్డున మనిషి జాడ లేదు. నది వచ్చి సముద్రంలో కలిసేచోట నీళ్లు బాగా లాగి, తడి ఇసుక అద్దంలా మెరుస్తోంది. తాతమ్మ నడుములోతు నీళ్లలో ఉంది. మడతపెట్టిన లుంగీ తడవకుండా నెత్తిన పట్టుకుంది. వెనకే వచ్చిన వెంకటస్వామి ఒడ్డున ఆగిపోయాడు. పాదాలకు తడి తగిలిన చోట నుంచి ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాడు.

సుచిత్ర చుడీదారుతోనే నీళ్లలోకి దిగి ఆమె చేయి పట్టుకుంది. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది.

"అడుగో," అంది తాతమ్మ ఎదురుగా చూస్తూ. "చూడమ్మా."

సుచిత్ర చూడలేదు. అక్కడ ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు. చూస్తే మాత్రం ఎవరో ఒకరు కనిపిస్తారని భయమేసింది. తాతమ్మ ముఖాన్నే చూస్తూ అంది:

"ఆయనకి ఇంటిదారి తెలియదా పిన్నిగారూ? రావలసినప్పుడు ఇంటికే వస్తారు. వచ్చేసరికి మీరు లేకపోతే ఎట్లా?"

తాతమ్మ ఆలోచించింది. లుంగీని జాగ్రత్తగా నీళ్ల మీద వదిలిపెట్టింది. అలలు ఒడ్డుకు నెట్టాల్సింది పోయి లోపలికి లాక్కెళ్లాయి. అప్పుడు తాతమ్మ వెనక్కి తిరిగింది.

మర్నాడే అవనిగడ్డలో డాక్టరుకు చూపించారు. మందులు మొదలయ్యాయి. ఫోన్ ప్రయోగానికి గోవర్ధనరావు గారు గట్టిగానే చివాట్లు పెట్టారు. సుచిత్ర ఎదురుచెప్పకుండా మాటపడింది. ఆ తర్వాత ఒక్క వారం కూడా మానకుండా ఆ ఇంటికి వెళ్లింది. చలి ముదిరేసరికి తాతమ్మ భర్తకు కంచం లోపలే పెట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు తనే నవ్వుతూ చెప్పింది. "పులుసులో ఉప్పెక్కువైందని అరిచాడమ్మాయ్. ఆయనే."

ఆ సాయంత్రం ఆటో కోసం నిలబడ్డ సుచిత్ర దగ్గరికి వెంకటస్వామి వచ్చాడు.

"ఆవిడకి నయమైందమ్మా. నా సంగతే..." అని ఆగాడు. "బోటోళ్లు నన్ను పైకి లాగడం నేను పక్కనుంచి చూశాను. నీళ్లలో ఉండి చూశాను. లాగినోళ్లు ఎల్లిపోయారు. నేను ఆడే, ఆ నీళ్లలోనే ఉన్నట్టుంది."

సుచిత్ర అప్పుడే వచ్చిన ఆటోను పొమ్మని చెయ్యి ఊపింది.

"ఆ ఫోన్ రోజు పడవ చాటున పాప పక్కనే ఉంది. 'తిప్ప దగ్గరున్నా, చలేస్తంది' అని నా నోట్లోంచి వచ్చింది. గాలి హోరుకి పాపకి వినపళ్లేదు. చేతిలో ఫోన్ మోగనేలేదు. ఎవరికి చెబుతున్నానో నాకే తెలీదు."

ప్రాణభయంలో మనిషి తన నుంచి తాను విడిపోయినట్టు అనుకోవడానికి సుచిత్ర చదువులో ఒక పేరుంది. ఆ పేరు ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దానికి బదులు అడిగింది: "ఇప్పుడు ఎక్కడున్నారు బాబాయిగారూ?"

అతను తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "కొంచెం ఇక్కడే ఉన్నట్టుంది."

"అయితే వచ్చే బుధవారం మీరు కూడా బస్సెక్కండి. డాక్టరుగారితో మాట్లాడదాం."

ఎక్కాడు. కిటికీ వైపు కూర్చున్న కాసేపటికే తాతమ్మ భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. ఇంటికొచ్చాక అతను అంత గాఢంగా నిద్రపోవడం అదే మొదలని తేజస్విని తర్వాత చెప్పింది. తాతమ్మ అతని చేయి తన కొంగులో చుట్టి పట్టుకుని, ముందు సీట్లో ఉన్న సుచిత్ర చెవి దగ్గరికి వంగింది.

"డాక్టరుగారితో చెప్పకు. ఇద్దరూ ఆయనేనమ్మా. ఒకరు ముందొచ్చారు, ఒకరు ఇంకా దారిలో ఉన్నారు. వచ్చిందాకా ఈయన్ని బాగా చూసుకోవాలి కదా."

సుచిత్ర వెనక్కి తిరిగింది. తాతమ్మ ముఖం చాలా తేటగా ఉంది. ఏ మందూ, ఏ చదువూ ఇవ్వలేనంత నెమ్మది ఉంది అందులో. సుచిత్ర తన శాలువా తీసి వెంకటస్వామి మీద కప్పింది. కప్పుతుంటే తగిలిన అతని చేయి ఇంకా చల్లగానే ఉంది.