పై వరుసలో ఖాళీ పెట్టె

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పదకొండింటికి మొదలైన సన్నని వాన ఇంకా విడవలేదు, గాలి లేదు, కిటికీ బయటి ఉష్ణమాపకం ఇరవై ఒక్క డిగ్రీలు చూపుతోంది. ఆ వెలుతురులో గది నీళ్ల అడుగున ఉన్నట్టుంది. ముప్ఫై ఏళ్లుగా మొక్కల బొమ్మలు వేసి బతుకుతున్న ఇంటావిడ, ఇటుక కంటే పెద్దది కాని ఒక నల్లపెట్టె ముందు కూర్చుని ఉంది. అది చిన్న కంప్యూటరే, అందులో లినక్స్ అనే వ్యవస్థ నడుస్తోంది. మూడు వారాలుగా ఆమె, ఆమె ఆడపడుచు కలిసి దాన్ని ఇంటి సర్వరుగా తీర్చిదిద్దుతున్నారు.

అందుకు కారణం ఉంది. ఆమె ఉత్తరాలను ఇరవై ఏళ్లుగా దాచిన మెయిల్ కంపెనీ ఆ నెలాఖరుకు మూతపడుతోంది. నాలుగేళ్ల కిందట పోయిన భర్త రాసినవి అందులో వెయ్యిన్ని మూడు వందల పన్నెండు ఉన్నాయి. ఆయన అడవుల్లో గింజలు సేకరించేవాడు. గుడారంలో కూర్చుని ఒక్కొక్క గింజ రూపూ వర్ణించి పంపేవాడు. ఆ మాటలు చదివి ఆమె బొమ్మ వేసేది. ఆ ఉత్తరాలకు వేరే ప్రతి లేదు.

ఆడపడుచు ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రాలు బాగుచేస్తుంది. దూరం నుంచి పెట్టెలోకి వచ్చే దారిని మొదటి వారమే వేసుకుంది. భోజన విరామంలో ఫోన్ చేసింది.

“వదినా, నీ పెట్టెలోకి వచ్చేశాను. లోపల ఎంత బోసిగా ఉందో!”

“ఆడపడుచు అడుగు పెట్టిందంటే వంకలు దొరక్కుండా ఉంటాయా?”

“సరేలే. ఇవాళ ఉత్తరాలు దించేద్దాం. అద్దం ప్రోగ్రాం తెరిచాను. రెండు చిరునామాలు ఒకదాని కింద ఒకటి రాయాలి, అంతే. ఒకటి మెయిల్‌లో అన్నయ్య ఉత్తరాలున్న అరది, ఒకటి మన పెట్టెది. ఇక్కడ స్కానర్ మొరాయిస్తోంది, ఐదు నిమిషాల్లో వస్తా.”

ఏది పైన రాయాలో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు. అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద బొమ్మకు నకలు తీసేవాళ్లు అసలు బొమ్మను కింద పరిచి, తెల్లకాగితాన్ని దానిమీద వేస్తారు. ఖాళీది పైన, నిండినది కింద. ముప్ఫై ఏళ్లుగా ఆ క్రమానికి అలవాటుపడ్డ చేతులు ఆలోచించకుండానే పై వరుసలో నల్లపెట్టె పేరు, కింది వరుసలో మెయిల్ పేరు రాశాయి. పై దాన్ని చూసి కింది దాన్ని అచ్చం అలాగే చేయడం ఆ ప్రోగ్రాం పని. పైన ఏమీ లేదు. కనుక ఆమె మీట నొక్కగానే కింద కూడా ఏమీ లేకుండా చేసింది. తెరమీది అంకె నీళ్లలో పంచదార పలుకులా మెల్లగా కరిగింది: తొమ్మిది వందలు, నాలుగు వందలు, పదిహేడు. ఎవరో ఒక్కొక్క గదిలో దీపం ఆర్పుకుంటూ వెళ్తున్నట్టుంటే ఆమె చూస్తూ ఉండిపోయింది.

ఆడపడుచు మళ్లీ ఫోన్లోకి రాగానే అంది: “అమ్మాయ్, సున్నా అంటోంది.”

“ఏది?”

“రెండూ.”

“కొంప మునిగింది వదినా. అద్దం తిరగబెట్టావు. తుడిచినవి దాచే చెత్తబుట్టను కూడా కంపెనీవాళ్లు మొన్ననే ఎత్తేశారు.” అంతలోనే ఆమెకు ఏదో తట్టింది. “నీ పాత లాప్‌టాప్ ఎక్కడ?”

“అల్మారాలో. బొమ్మలు వంగిపోకుండా బరువుకు పెట్టాను.”

“తెరిచి ఎన్నాళ్లయింది?”

“ఏడాది దాటింది.”

“నీ బద్ధకం చల్లగుండ! నీ మెయిలంతా దాంట్లో దిగి ఉంటుంది. ఆగు, తెరవకు! నెట్ అందిన మరుక్షణం అది సున్నాను చూసి తానూ సున్నా అయిపోతుంది. ముందు రౌటర్ తీగ పీకెయ్.”

“పీకితే నువ్వు?”

“నేనూ బయట పడతాను. నాకేమీ కనిపించదు, ఫోన్లో మాటే మిగులుతుంది. ఆడపడుచును ఇంట్లోంచి గెంటే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది, వాడుకో!”

ఆమె పీకింది. రౌటర్ దీపాలు ఆరిపోయాయి. లాప్‌టాప్ మేలుకోవడానికి ఆరు నిమిషాలు తీసుకుంది. నెట్ లేదని రెండుసార్లు గొణిగింది. ఆ తర్వాత నీటి అడుగు నుంచి చేపపిల్లల గుంపు పైకి తేలినట్టు ఉత్తరాల వరుసలు తేలాయి. ఒకటి తెరిచింది. ‘ఈ గింజ చీమ తలకాయంత. ఒంటిమీద గీతలు ఏడు. నువ్వు నమ్మవు గాని ఏడూ వంకరే.’ గుడారం మీద పడ్డ వాన, కిటికీ మీద పడుతున్న వాన ఒక్కటే అయినట్టు ఆమెకు తోచింది.

“చదువుతున్నావు కదూ? ముందు కాపీ చెయ్యి!”

“ఒక్కటే అమ్మాయ్.”

“నీ ఒక్కటి సంగతి నాకు తెలియదా!”

ఉత్తరాలన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, దాన్ని నల్లపెట్టెకు తగిలించింది. రెండు వరుసలు మళ్లీ ఎదురయ్యాయి. ఈసారి చేతిని ఒడిలో పెట్టుకుని ముందు పైకి చదివింది: “పైన నిండినది. కింద ఖాళీది.”

“ఇంకోసారి చెప్పు.”

చెప్పింది. మీట నొక్కింది. నల్లపెట్టెలో అంకె పెరుగుతూ పెరుగుతూ వెయ్యిన్ని మూడు వందల పన్నెండు దగ్గర ఆగింది. ఆమె లాప్‌టాప్‌ను పూర్తిగా ఆర్పిన తర్వాతే రౌటర్ తీగ పెట్టింది. నాలుగు గంటల ఐదు నిమిషాలకు ఆడపడుచు మళ్లీ పెట్టెలోకి వచ్చి, వరుసలు చూసి, చాలాసేపు ఏ వంకా పెట్టలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ పెట్టెలోని డిస్క్ పాడైంది. కొత్తది బిగించి, ఆ రోజు తర్వాత వేరేచోట కూడా దాచుకున్న ప్రతి నుంచి ఉత్తరాలను తిరిగి ఎక్కించడానికి వదినకు నలభై నిమిషాలు పట్టింది. ఆడపడుచుకు ఆ సంగతి మర్నాడు తెలిసింది.