గోడవైపు నేల

ఆసుపత్రి వెనక బట్టల గదిలో పొద్దుటి నుంచి కిటికీలు తెరవలేదు. బయట దుమ్ము లేస్తోంది, లోపల తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆపరేషన్ గదికి వెళ్లాల్సిన కోట్లు ఇంకా సగం మిగిలాయి. ఇస్త్రీ చేసే ఆమెకి మెడ మీది చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పక్క బల్ల దగ్గర ఆమె ఆడపడుచు దుప్పట్లు మడతపెడుతోంది. ఆ మనిషికి చెయ్యి ఆడాలంటే నోరు కూడా ఆడాలి.

"నిన్న శ్మశానానికి నువ్వు రాలేదు గాని వదినా, చూసి తీరాలి. పెళ్లివారిల్లులా చేసేశారనుకో. సమాధి రాళ్లన్నీ సబ్బు పెట్టి కడిగారు. మనం పిల్లలకి కూడా అంత శ్రద్ధగా నీళ్లు పొయ్యం."

"ఊఁ."

"వెనకాల తుప్పలు కూడా కొట్టేశారు. గోడ దాకా చాప పరిచినట్టుంది."

"గోడ దాకానా?"

"ఆఁ, గోడ దాకా..." అంటూ ఆడపడుచు ఆగిపోయింది. ఆమెకి అప్పుడుగాని గుర్తు రాలేదు. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెట్టింది.

ఇస్త్రీ చేసే ఆమె కోటు కాలరు తిప్పి రెండోవైపు కూడా చేసింది. బొత్తాల మధ్య పెట్టె కొన పెట్టి నెమ్మదిగా నడిపింది. ఆ రోజు ఒక్క కోటు కూడా మాడలేదు.

ఆ శ్మశానానికి ఊరికున్నంత వయసుంది. దాన్ని చదును చేసి బస్సుల షెడ్డు కడతారని తెలిసినప్పుడు జనం కదిలారు. రిటైరైన పెద్ద టీచరమ్మ ముందు నిలబడింది. పాటల సాయంత్రం పెట్టారు, టీ, బిస్కెట్లు అమ్మారు, పాత సమాధుల మీది పేర్లు చదివి అవి ఎవరివో పిల్లలకి చెప్పారు. బ్యానర్ల గుడ్డలన్నీ ఈమే ఊరికే ఇస్త్రీ చేసి ఇచ్చింది. చివరికి షెడ్డు ఆగింది. మంచి పనే, ఎవరూ కాదనలేరు.

కాకపోతే రాతి సమాధులన్నీ ముందువైపే ఉన్నాయి. వాటి కింద వర్తకులు, వైద్యులు, ఒకప్పుడు ఊళ్లో మాట చెల్లినవాళ్లు. గోడవైపు రాళ్లు లేవు. ఒక రాయి చెక్కించాలంటే బట్టల గదిలో నాలుగు నెలలు ఊరికే పనిచేసినట్టు. అందుకని అక్కడివాళ్లు ఇటుక పెట్టుకునేవాళ్లు, లేదంటే విరిగిన పెంకు, ఏదో ఒక మొక్క. ఎవరి గుర్తు వాళ్లకి తెలుసు. కొత్తవాళ్ల కంటికి అది చెత్త. రెండేళ్ల కిందట జ్వరంతో పోయిన తన ఐదేళ్ల పాపకి తలవైపు ఈమె ఒక పాడైపోయిన ఇస్త్రీపెట్టె అడుగు పలకని పాతింది. ఇనుము కదా, వానకి కరగదు, గాలికి ఎగరదు అనుకుంది. మనుషుల సంగతి అప్పుడు తట్టలేదు.

పని దిగాక అక్కడికి వెళ్లింది. నేల నిజంగానే చాపలా ఉంది. గోడకి వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుంటే పలక పాదాలకి తగిలేది; ఆమెకి తెలిసిన కొలత అదే. కూర్చుని చూసింది. లేచి కాస్త పక్కకి జరిగి మళ్లీ కూర్చుంది. గోడ పొడుగునా ఎక్కడ కూర్చున్నా పాదాలు ఒకలాగే ఉన్నాయి.

షెడ్డు ఆగినందుకు పెట్టుకున్న ఆదివారం సభకి కుర్చీలు ఎక్కడ వేయించాలో చూసుకుంటున్న పెద్ద టీచరమ్మ ఈమె దగ్గరికి వచ్చింది.

"ఏం వెతుకుతున్నావమ్మా? ఏమైనా పడిపోయిందా?"

"మా పాపండీ."

టీచరమ్మకి మొదట అర్థం కాలేదు. చెప్పాక ఉన్నచోటే కూలబడింది. "పిల్లల కాళ్లకి తగులుతాయని ఆ ఇటుకలూ పెంకులూ నేనే దగ్గరుండి తీయించాను. చెత్తనుకున్నాను. దేవుడా!" అంది. ఆవిడ కళ్లు తడిశాయి. ఈమె చెయ్యి పట్టుకుంది. "రాయి మేం వేయిస్తాం తల్లీ. ఆదివారం సభలో మొదటి రాయి మీ పాపదే. నువ్వు చోటు చూపించు, చాలు."

ఆ రాత్రి భర్త అన్నం ముందు కూర్చున్నాక చెప్పింది. అతనిది తోపుడుబండి. పాపని పూడ్చిన రోజు తర్వాత అతను గోడవైపు వెళ్లలేదు. కాళ్లు రావు, అంతే.

"చెత్త తోలింది నా బండి మీదే," అన్నాడు. "గేటు దగ్గర కుప్ప పోశారు, ఎత్తుకుపోయాను." కాస్త ఆగి, "ఇస్త్రీపెట్టె పలకంటే... ఒకవైపు కొనదేరి ఉంటుంది, అదేనా?"

"అదే."

"పాత సామాను కొట్లో వేసేశాను. నిన్న తెచ్చిన ద్రాక్షపళ్లు ఆ డబ్బులతోనే."

ఆమె గిన్నె మీద మూత పెట్టింది. "తియ్యగానే ఉన్నాయి," అంది.

"పొద్దున్నే వెళ్లి తెచ్చేస్తాను."

"తెచ్చి ఎక్కడ పెడతావు?"

అన్నం చల్లారిపోయింది.

ఆదివారం సభకి చాలామంది వచ్చారు. పిల్లలు పాట పాడారు. గోడవైపు వాళ్లు కూడా వచ్చి కుర్చీల్లో కూర్చోకుండా వెనక నిలబడ్డారు. పాప పేరు చెక్కిన చిన్న రాయిని భుజాన పెట్టుకుని తాపీమేస్త్రీ సిద్ధంగా ఉన్నాడు. అక్షరాలు అందంగా ఉన్నాయి. పాప పేరు అంత పెద్దగా రాసి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎక్కడో ఒకచోట చూపించవే," రెండేళ్లకి మళ్లీ ఇటు వచ్చిన భర్త ఆమె చెవిలో అన్నాడు. "రాయి ఉంటుంది కదా. దేవుడికి తెలీదా ఏంటి?"

"తెలుసు. ఆయన్నే చూపించమను."

ఆమె రోజూ పడుకునే ముందు దణ్ణం పెట్టుకునే మనిషే. ఆ మాటలో కోపం లేదు. తెలిసినవాడు ఒక్కడున్నాడు, ఆయన నోరు విప్పడు. ఇక మనిషి ఏం చెయ్యాలి?

"ఎక్కడమ్మా?" అంది టీచరమ్మ మెల్లగా.

ఆమె నేల వైపు చూసింది. కాస్త అవతల ముసలి దర్జీ కూడా ఆ చోటే చూస్తున్నాడు. అతని భార్యకి అతను పెట్టుకున్నది ఇటుక. ఆమె చూపు పక్కకి జరిగింది. అక్కడ ఇంకెవరో తల్లి చూపు ఉంది.

"నాకు తెలీదండీ," అంది.

టీచరమ్మ కమిటీలోని ఒకాయన ముందుకొచ్చాడు. "ఉజ్జాయింపుగా చూపించమ్మా. జనం ఎదురుచూస్తున్నారు."

"ఎక్కడ చూపించినా కింద ఎవరో ఒకరున్నారు బాబూ. ఇంకొకళ్ల బిడ్డ మీద మా పాప పేరు పెట్టను."

"అది కాదమ్మా, ఇంత ఖర్చుపెట్టి..."

"చూపించను."

గొంతు పెంచలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది. వెనకనున్న దర్జీ టోపీ తీశాడు. టీచరమ్మ మైకు కిందికి దించింది.

"మరి దీన్ని ఎక్కడ దించమంటారు?" అన్నాడు మేస్త్రీ.

అతను అడుగు తీసి ఎక్కడ వెయ్యాలో తెలియక, నిలబడ్డ చోటే రాయిని రెండో భుజానికి మార్చుకున్నాడు.