వెంట్రుకవాసి సందు

బేతంచర్లలో బండలు కోసేవాళ్ళను మీ కొలత ఎంత కచ్చితమని అడగకూడదు. అడిగితే పూటంతా చెబుతారు. ఏసేపును అడిగితే రెండు పూటలు. నలభై ఏళ్ళుగా పాలిషు ఫ్యాక్టరీలో నాపబండలు కోసి, అంచులు అరగదీసి, ఊళ్ళో సగం ఇళ్ళకు నేల పరిచిన మనిషి ఆయన. టేపు పెట్టకముందే బండను చూసి, రెండడుగులకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తక్కువుందని చెప్పేవాడు. టేపు పెట్టి చూస్తే నూలు తక్కువే ఉండేది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలియనివాళ్ళుంటే ఆయనే చెప్పేవాడు.

ఆయన కూతురు క్రిస్టినా కడపలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఇది ఐదో ఏడు. కంటికి ఆననంత సన్నటి కార్బన్ గొట్టాలుంటాయి, నానోట్యూబులంటారు. వాటిని ఎపాక్సీ జిగురులో కలిపి నల్లటి బిళ్ళలు పోస్తుంది. మైక్రోవేవ్ తరంగాలు వచ్చి తగిలితే ఆ బిళ్ళ వాటిని వెనక్కి కొట్టకూడదు. తనలోనే ఇంకించుకుని వేడిగా మార్చేయాలి. రాడారు కంట పడకూడని వాటికి ఇలాంటి పూతే కావాలి. ఇదంతా తండ్రికి చెప్పడానికి ఆమె ఒక్క మాట వాడింది. బండ మీద పడ్డ వాన జారిపోతుంది, నల్లరేగడి మీద పడితే ఇంకిపోతుంది, నేను చేసేది నల్లరేగడి అంది. ఏసేపుకు అంతకు మించి అక్కర్లేకపోయింది. తన కూతురు కడపలో రేగడి తయారు చేస్తోందని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాడు.

బిళ్ళ పోయడం ఒక ఎత్తు, కోయడం ఒక ఎత్తు. తరంగాలను కొలవాలంటే దాన్ని ఒక ఇత్తడి గొట్టంలో కూర్చోబెట్టాలి. దీర్ఘచతురస్రంగా, అగ్గిపెట్టెకన్నా సన్నగా ఉండే గొట్టం. లోపలి ఎత్తు పది మిల్లీమీటర్ల మీద పదహారు వందో వంతులు. యూనివర్సిటీ వర్క్‌షాపులో రంపం పెడితే మూలలు రాలిపోయేవి. తోటివాళ్ళ బిళ్ళలు గొట్టంలో ఇరుక్కుంటే స్క్రూడ్రైవరుతో పొడిచి తీసేవాళ్ళు. క్రిస్టినా తన బిళ్ళలను బేతంచర్లకు తీసుకుపోయి, కొలతలు కాగితం మీద రాసి నాయన చేతిలో పెట్టింది. ఆయన చిన్న చక్రంతో కోసి, సానరాయి మీద నీళ్ళు చల్లుతూ నూరి ఇచ్చాడు. ఏడు బిళ్ళలు. ఏడూ వెన్నలోకి కత్తి దిగినట్టు దిగాయి.

ఫలితం చూసి గైడు గోపీనాథ్ సారు కుర్చీలోంచి లేచారు. మైనస్ నలభై ఒక్క డెసిబెళ్ళు. అంటే పోయిన తరంగంలో పదివేలో వంతు కూడా తిరిగి రావడం లేదు. ఏడు బిళ్ళలూ ఇంచుమించు అదే మాట చెప్పాయి. పేపరు రాశారు, పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. ఇక నెలాఖరుకు థీసిస్ ఇచ్చేస్తే ఐదేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో ఆమె తండ్రి పేరు వేసింది, నమూనాలు కోసి ఇచ్చినందుకు. ఏసేపుకు ఇంగ్లీషు చదవడం రాదు. తన పేరు ఎక్కడుందో పెన్సిలుతో గీత గీయించుకుని, ఆ కాగితాన్ని బైబిల్లో దాచుకున్నాడు.

ఆ శనివారం క్రిస్టినా ఇంటికి వచ్చింది, ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు తన చదువు కోసం ప్రార్థన చేస్తారని. చర్చి వరండాలో పాత బండలు తీసి కొత్తవి పరుస్తున్నారు. మెట్టు మీద కూర్చుని నాయన పని చూస్తోంది. ఆఖరి బండ కోసి పెడితే పక్కదానికీ దీనికీ మధ్య సన్నటి గీత మిగిలింది. సరిగ్గా అతికేటట్టు కోయొచ్చు గదా నాయనా అంది, ఊరికే. ఆయనకు నవ్వొచ్చింది.

“సందు ఇడ్సకుంటే ఎండకు ఉబ్బి లేస్తాది మా. కొలతకు వెంట్రుకంత తక్కువ కోసేదే మా పని. నలబై ఏండ్లలో నిండు కొలతకు ఒక్క బండ కోసిండ్లేదు నేను.”

“నా బిళ్ళలు?”

“అవి గూడా అంతే. ఆ గొట్టంలో ఇరుక్కుంటే పగిలిపోవూ?” అన్నాడు ఏసేపు, పనితనం తెలిసినవాడి ధీమాతో.

క్రిస్టినా మెట్టు మీంచి లేచింది. ఆ గొట్టంలో తరంగం బలమంతా కింది గోడ నుంచి పై గోడకు నిలువుగా ఉంటుంది. పైన వెంట్రుకంత గాలి మిగిలినా చాలు, యంత్రం బిళ్ళను కాదు, బిళ్ళనూ గాలినీ కలిపి కొలుస్తుంది. తను కొలవక పోలేదు. పది మీద పది వందో వంతులని వెర్నియరులో చూసింది. ఆరు వందో వంతుల తేడా ఒక తేడానా అనుకుంది. అందరివీ ఇరుక్కుంటుంటే తనవి జారుతున్నాయని మురిసింది కూడా. పైగా ఏడు బిళ్ళలదీ ఒకే మాట. ఒక్కడు అబద్ధం చెబితే అనుమానం వస్తుంది గాని, ఏడుగురు కూడబలుక్కుంటే ఎవరికి వస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం, ఇదివరకటి కోతలో మిగిలి ఇంట్లో ఉన్న బిళ్ళ ముక్క ఒకటి ఇచ్చి, దీన్ని సందు లేకుండా నిండు కొలతకు కోయమంది. ఎందుకో చెప్పలేదు. ఏసేపుకు ఆ పని నచ్చలేదు. రెండు సార్లు నూరడం, ఒకసారి కొలవడం, ఇలా గంటన్నర కూర్చున్నాడు. తప్పు చేసినవాడిలా మొహం పెట్టి చేతికిచ్చాడు.

సోమవారం కడపలో ఆ బిళ్ళను బొటనవేలితో అదిమితే గాని గొట్టంలో దిగలేదు. తెర మీద గీత కిందికి దిగుతూ దిగుతూ మైనస్ పదమూడు దగ్గర ఆగిపోయింది. తీసి పెట్టింది, మళ్ళీ తీసి పెట్టింది. పదమూడే. వందలో అయిదు వంతులు తిరిగొచ్చేస్తున్నాయి. ఇలాంటి బిళ్ళలు లోకంలో కోకొల్లలు. ఆమెకు ఏడుపు రాలేదు, భయం వేసింది. బిళ్ళను డ్రాయరులో పడేసి తాళం వేసింది.

రెండు రోజులు ఆ తాళం తీయలేదు. ఎవరికి తెలుస్తుంది? పరీక్షించేవాళ్ళు గీతలు చూస్తారు గాని గొట్టంలో వేలు పెట్టి చూడరు. నిజమే, తెలియదు. బుధవారం థీసిస్‌ను బైండింగుకు పంపబోతూ మొదటి పేజీలు తిరగేసింది. నాయన పేరు కనిపించింది. దొంగ సొమ్ము తీసుకుపోయి నాయన ఇంట్లో దాచినట్టుందని అనిపించింది. లేచి తాళం తీసింది.

గోపీనాథ్ సారు రెండు గీతలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. పేపరు వెనక్కి తీసుకోవాలన్నారు. అన్నీ మళ్ళీ కొలవాలి, థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయినట్టే. పొరపాటు ఎక్కడ జరిగిందో వివరంగా పత్రికకు ఉత్తరం రాయమన్నారు. ఆ రోజే రాసింది. నమూనా కొలత సరిచూసుకోని తప్పు తనదేనని రాసింది. నాయన పేరు ఎత్తలేదు. పంపబోతూ ఆగింది. ముందు ఆయనకు చెప్పాలి.

సారుకు చెప్పడమే సులువనిపించింది, శనివారం నాయన ముందు కూర్చున్నాక. ఆయనకున్న ఆస్తల్లా ఆ చెయ్యి, ఆ కొలత. అయినా దాచకుండా చెప్పింది. ఏసేపు పాత బిళ్ళనూ కొత్త బిళ్ళనూ పక్కపక్కన పెట్టి, బొటనవేలితో అంచులు తడిమాడు. తర్వాత ఉత్తరం చదివి వినిపించమన్నాడు. ఆమె తెలుగులో చెప్పింది.

“కోసిందెవురని రాసినావు?”

“అది అక్కర్లేదులే నాయనా. సూసుకోనిది నేనే గదా.”

ఏసేపు లోపలికి పోయి బైబిలు తెచ్చాడు. మడత పెట్టిన కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. పెన్సిలు గీత అప్పటికే సగం చెరిగిపోయింది.

“బాగొచ్చినప్పుడు కోసింది ఏసేపని రాస్తివి. ఇప్పుడు యాల రాయవు?”

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఒక వాక్యం కలిపింది. నమూనాలు కోసింది మా నాయన ఏసేపు, బండల పనిలో ఉన్న అలవాటు ప్రకారం ఆయన సందు వదిలారు, వదలకూడదని నేను చెప్పలేదు.

“పై వారం ఆ ఇత్తడి గొట్టం తెచ్చి ఈడ పెట్టు. కాగితం మీది కొలత ఇంగ నమ్మను,” అన్నాడాయన.

పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. ఏసేపు బైబిల్లోని కాగితాన్ని తెరకు ఆనించి, రెండు చోట్లా ఉన్న తన పేరును ఒక్కొక్క అక్షరమే పోల్చి చూసుకున్నాడు.

“పంపు మా,” అన్నాడు.